తుప్పు, బెల్లం, కరక్కాయ: ఇంట్లో కలంకారీ గుడ్డ చేసుకోవడం ఎలా?

మా బాల్కనీలో ఒక మూల చిన్న మట్టికుండ ఉంటుంది. మూతికి పాత పంచె ముక్క కట్టి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు ఏ మాగాయో అనుకుని గుడ్డ విప్పబోతారు. విప్పిన మరుక్షణం ముక్కు మూసుకుంటారు. లోపల ఉన్నవి తుప్పుపట్టిన మేకులు, తాటిబెల్లం, నీళ్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు దీన్ని కసిం అంటారు. రాముడి విల్లు అయినా, సీతమ్మ కొంగు అంచు అయినా, ఆ గుడ్డల మీద కనిపించే ప్రతి నల్లగీతా ఇలాంటి కుండలోంచి వచ్చిందే.

ఏదైనా చేత్తో చేయాలని మనసు పీకుతూ, ఏం చేయాలో తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు. ముగ్గు వేయగలిగితే చాలు. అది కూడా రాకపోతే ఆకులు, చుక్కలు, అడ్డగీతలు వేద్దురుగాని. నా సలహా మాత్రం ఒకటే: మొదటి గుడ్డకి నలుపు ఒక్కటే వాడండి. ఎరుపు, పసుపు, నీలం అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు సగంలో మానేయడం చూశాను. నేనూ మానేశాను ఒకసారి.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. కలంకారీ అంటే మనకి రెండు ఊళ్లు, రెండు పద్ధతులు. శ్రీకాళహస్తిది కలంతో గీసేది. పాతకాలంలో దాన్ని వ్రాతపని అనేవారు. రామాయణ, భారత కథలు వరసగా గీసి, బొమ్మల కింద తెలుగులో కథ కూడా రాస్తారు. మచిలీపట్నం పక్కన పెడనలో చేసేది అద్దకం. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో పూలు, తీగలు ముద్రిస్తారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి శ్రీకాళహస్తి పని దాదాపు ఆగిపోయే దశకి వచ్చింది. చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు, పని మళ్లీ ఊపిరి పోసుకుంది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మనం ఇంట్లో చేయబోయేది ఆ స్థాయి పని కాదు. పదార్థాలు అవే, వాటి తీరు అదే, అంతవరకే.

నెల ముందే మొదలుపెట్టాల్సింది: కసిం

కావలసినవి: 1 లీటరు నీళ్లు, 100 గ్రాముల తాటిబెల్లం, రెండు పిడికెళ్ల ఇనుప ముక్కలు. తాటిబెల్లం దొరక్కపోతే మామూలు నల్లబెల్లం వేయండి. మేకులు కొనేటప్పుడు చూసుకోండి. తళతళ మెరిసే జింకు పూత మేకులు, స్టీలు ముక్కలు పనికిరావు, అవి తుప్పు పట్టవు. పాత సామాన్ల కొట్టులో తుప్పుపట్టిన బోల్టులు, గొళ్లేలు ఏరుకుంటే సరిపోతుంది. జిడ్డు ఉంటే సబ్బుతో కడిగి, రెండు రోజులు తడిగా బయట పడేయండి.

బెల్లం నీళ్లలో కరిగించి, ఇనుము వేసి, మట్టికుండలోనో గాజు జాడీలోనో పోసి, నోటికి గుడ్డ కట్టండి. మూత బిగించొద్దు. మొదటిసారి నేను ప్లాస్టిక్ సీసాలో పోసి గట్టిగా మూత పెట్టాను. ఐదో రోజు రాత్రి ఆ సీసా ఉబ్బి, మూత ఎగిరి, వంటగది గోడంతా తుప్పు నీళ్లయింది. ఆ మరకలు ఇప్పటికీ పోలేదు. ఇంటి ఓనరు అడిగితే సాంబారు అని చెప్పాను.

మూడు నాలుగు రోజులకి నురగ వస్తుంది, కల్లు వాసన వేస్తుంది. తర్వాత వాసన పులుపుకి తిరుగుతుంది. రోజుకోసారి కర్రతో కలుపుతుండండి. ఎండాకాలంలో పదిహేను రోజులు, చలికాలంలో మూడు వారాల పైన పడుతుంది. లోపల జరిగేది సులువుగానే అర్థమవుతుంది: బెల్లం పులిసి సారాలా మారి, అది ఇంకా పులిసి వెనిగర్ లాంటి ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? పాలు కలపని టీ డికాషన్ ఒక గ్లాసులో పోసి, కసిం నాలుగు చుక్కలు వేయండి. సిరాలా నల్లబడితే అయినట్టే. టీలోనూ, కరక్కాయలోనూ ఉండే వగరు, అదే టానిన్, ఇనుముతో కలిస్తే నలుపు అవుతుంది. ఆ గ్లాసు మాత్రం మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. అయిన కసిం వడకట్టి సీసాలో పోసి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పిల్లలున్న ఇంట్లో పై అరలో ఉంచండి.

గుడ్డ: అందరూ తొందరపడేది ఇక్కడే

అర మీటరు ముతక నూలు గుడ్డ తీసుకోండి. గాడా గుడ్డ అయితే మరీ మంచిది. పాలియెస్టర్ కలిసినది వద్దు. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, మగ్గం మీద పట్టిన జిగురు ఉంటుంది. అవి పోకుండా కరక్కాయ పట్టదు. కాళహస్తిలో అయితే పేడ నీళ్లలో నానబెట్టి, స్వర్ణముఖి ఇసుక మీద ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ తెల్లబరుస్తారు. ఫ్లాట్‌లో ఆ పని కుదరదు. గిన్నెడు నీళ్లలో చెంచాడు చాకలి సోడా వేసి, గుడ్డని అరగంట ఉడికించండి. నీళ్లు టీ రంగుకి వస్తాయి. ఇన్నాళ్లూ తెల్లగుడ్డ అనుకున్నదాంట్లో ఇంత మురికి ఉందా అనిపిస్తుంది. శుభ్రంగా జాడించి ఆరబెట్టండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే ఇంకోసారి ఉడికించాలి. వెంటనే ఇంకిపోతే సిద్ధం.

ఇప్పుడు కరక్కాయ. పచారీ కొట్లోనో, మూలికల కొట్లోనో దొరుకుతుంది. గింజ తీసేసి పెచ్చులు దంచుకుంటే మంచిది. పొడి కొన్నా తప్పు లేదు. అర మీటరు గుడ్డకి నా కొలత: 50 గ్రాముల పొడి, అర లీటరు నీళ్లు. రాత్రంతా నానబెట్టి, పొద్దున పలచని గుడ్డలో వడకట్టి, అందులో అర లీటరు పచ్చి గేదెపాలు కలపాలి.

పాలెందుకు అని అందరూ అడుగుతారు. ఒట్టి కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద కసిం పెడితే, బ్లాటింగ్ కాగితం మీద సిరాలా నాలుగు వైపులా పాకుతుంది. పాలలోని వెన్న నూలు పోగుల మీద పట్టుకుని ఆ పాకుడును ఆపుతుంది. అందుకే చిక్కటి పాలు. ఒకసారి ఇంట్లో ఉన్నాయి కదా అని వెన్న తక్కువ ఉన్న ప్యాకెట్ పాలు పోశాను. నేను గీసిన నెమలి ఈకలన్నీ గొంగళిపురుగుల్లా వచ్చాయి. పచ్చి పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తీసుకోండి, కాచొద్దు.

గుడ్డని ఆ పాలల్లో ముంచి, అన్ని పక్కలా తడిసేలా పిసికి, పావుగంట ఉంచి, సమంగా పిండండి. పిండడం సమంగా లేకపోతే గీతలు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా వస్తాయి. ఎండలో పరచి ఆరేయండి. తీగ మీద వేస్తే పాలన్నీ కింది అంచుకి దిగిపోతాయి, కాబట్టి మధ్యలో రెండు మూడుసార్లు తిప్పాలి. కాకులు, చీమలు రెండూ వస్తాయి, కాపలా కాయాల్సిందే. ఆరిన గుడ్డ లేత పసుపు రంగులో, కాస్త బిరుసుగా ఉంటుంది. దీన్ని ఉతకొద్దు. వారం పది రోజుల్లో బొమ్మ వేసేయండి, లేకపోతే పాలవాసన ముదిరి ఇంట్లోవాళ్లతో గొడవ.

కలం కట్టుకోవడం

వెదురు పుల్ల, జానెడు పొడవు. ఒక కొస పెన్సిల్‌లా చెక్కండి. మరీ సూదిగా అక్కర్లేదు, గుడ్డ పోగుల్లో తగులుకుంటుంది. కొసకి అంగుళం పైన ఉన్ని గుడ్డ పేలికని చుట్టుకుంటూ వెళ్లి, ఉసిరికాయంత అయ్యాక నూలుదారంతో గట్టిగా బిగించండి. పాత స్వెట్టర్ విప్పిన ఊలు అయినా సరే. ఈ ఉండే సిరాబుడ్డి. కలాన్ని కసింలో ముంచితే ఉండ తాగుతుంది. గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కితే కొసకి జారుతుంది.

ఎంత నొక్కాలి అన్నది ఎవరూ చెప్పలేరు. అరగంట పాత గుడ్డ మీద గీతలు గీస్తే వేళ్లకే తెలుస్తుంది. మా అమ్మ జీవితంలో బ్రష్ పట్టలేదు. మొదటిసారి ఈ కలం చేతికిస్తే, నేను నెల రోజులు తంటాలు పడ్డ గీతని రెండో ప్రయత్నంలోనే సమంగా లాగింది. యాభై ఏళ్లుగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ముగ్గుపిండి వదిలిన చెయ్యి అది. నొక్కు ఎంతో, వేగం ఎంతో ఆ వేళ్లకి ముందే తెలుసు. కొత్త పని అనుకునేదాంట్లో సగం మన చేతికి వేరే పేరుతో వచ్చే ఉంటుంది. వడియాలు పెట్టినవాళ్లకీ, కేకు మీద క్రీమ్ వేసినవాళ్లకీ కూడా ఈ కలం తొందరగా అలవాటవుతుంది.

గీయడం

బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద గుడ్డ పరవండి. ముందుగా బొగ్గుతో లేతగా గీసుకోవాలి. అసలు పనివాళ్లు వాడేది చింతపుల్లల బొగ్గు. అంగడిలో డ్రాయింగ్ బొగ్గు దొరుకుతుంది, దాంతో కానిచ్చేయండి. పెన్సిల్ వద్దు, దాని గీత ఉతికినా పోదు. బొగ్గు అయితే గుడ్డ విదిలిస్తే చాలావరకు రాలిపోతుంది.

ఏం గీయాలి? మొదటి గుడ్డకి మధ్యలో ఒక చేప, చుట్టూ నీటి అలలు, అంచుకి చుక్కల వరస. చేపకి తప్పొప్పులు ఉండవు, లావైనా చేపే, బక్కదైనా చేపే. ముఖాలు, చేతులు ఇప్పుడప్పుడే వద్దు.

కలాన్ని కసింలో ముంచి, సీసా అంచుకి ఆన్చి అదనంగా ఉన్నది కారిపోనిచ్చి, గుడ్డ మీద పెట్టండి. ఇప్పుడు ఊపిరి బిగబట్టి చూడండి. కలంలోంచి దిగేది నలుపు కాదు. పలచని టీ నీళ్లలా ఉంటుంది. గీత తడి తగిలిన చోట పసుపుగుడ్డ ఒక్క క్షణం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. అంతలోనే బూడిదరంగు పాకుతుంది, కళ్లముందే ముదురుతుంది, మీరు చేప తోక దాకా వెళ్లి వెనక్కి చూసేసరికి మూతి కాటుకలా నల్లగా ఉంటుంది. నేను ఇప్పటికి పాతిక గుడ్డలు గీసుంటాను. ఆ నల్లబడే క్షణానికి మాత్రం పని ఆపి చూస్తాను. ఫోన్ మోగినా ఎత్తను.

ఎడమ చేతిలో పొడిగుడ్డ ఉంచుకోండి. గీసిన వెంటనే దాంతో అద్దితే అదనపు తడి పోయి గీత పాకకుండా ఉంటుంది. పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి వెళ్లండి (ఎడమచేతివాటం వాళ్లు తిరగేయండి), లేకపోతే తడిగీత మీద చెయ్యి పడుతుంది. పాత బట్టలు కట్టుకుని కూర్చోండి. కసిం పడిన చొక్కా ఇక కలంకారీ చొక్కానే.

బొట్టు పడుతుంది. తప్పకుండా పడుతుంది, అదీ మధ్యలోనే పడుతుంది. వెంటనే నిమ్మరసం అద్దితే కొంత పోతుంది. కానీ అక్కడ కరక్కాయ కూడా పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. నేనైతే చెరపను. బొట్టుకి రెండు వైపులా గీత లాగితే ఆకు, చుట్టూ చుక్కలు పెడితే పువ్వు. నా మొదటి చేప పక్కన ఉన్న మూడు తామరాకుల పుట్టుక అదే.

పూర్తయ్యాక ఒక రోజంతా నీడలో వదిలేయండి. మర్నాడు ధారాళంగా నీళ్లు పోస్తూ జాడించండి. సబ్బు ఇప్పుడే వద్దు. గుడ్డని మడత పెట్టకుండా, చేపలా నీళ్లలో ఆడించాలి. ఈ ఉతుకుకి బద్ధకించకండి. పట్టకుండా మిగిలిన కసింలో పులుపు ఉంటుంది, అది గుడ్డలోనే ఉండిపోతే కాలక్రమంలో నల్లగీత ఉన్నచోట నూలు కొరుక్కుపోతుంది. పాత కలంకారీ గుడ్డల్లో నల్లగీత వెంబడే చిరుగులు కనిపించేది అందుకే. పాలవాసన పూర్తిగా పోయేదాకా జాడించి, ఎండలో ఆరేయండి.

ఎరుపు కావాలంటే

నలుపు చెయ్యి తిరిగాక, రెండో గుడ్డకో మూడో గుడ్డకో ఎరుపు. నల్లగీతలు ఆరాక, ఉతకకముందే, ఎర్రగా కావలసిన చోటల్లా పటిక నీళ్లు పూయాలి. 100 మి.లీ. వేడినీళ్లకి 10 గ్రాముల పటిక చాలు. దీనికి గుండ్రటి మొన ఉన్న వేరే కలం పెట్టుకోండి. పటిక నీళ్లకి రంగు ఉండదు కాబట్టి ఎక్కడ పూశామో తెలియదు. చిటికెడు మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు) పొడి కలిపితే లేత గులాబీగా కనిపిస్తుంది. రెండు రోజులు ఆగి, పారే నీళ్లలో జాడించండి. బకెట్టులో నానబెడితే ఆ పటిక మిగతా గుడ్డకీ అంటుకుని, అక్కడా ఎరుపు పడుతుంది.

తర్వాత మంజిష్ఠ వేరు దంచి, గుడ్డ ఎంత బరువుంటే అంత వేసి, పెద్ద స్టీలు గిన్నెలో సన్నసెగ మీద గంటసేపు ఉడికించాలి. ఇనుప మూకుడులో చేస్తే రంగు మాడినట్టు అవుతుంది. కర్రతో తిప్పుతూనే ఉండండి. పటిక తాకిన చోట ఎరుపు కూర్చుంటుంది, తాకని చోట లేత గులాబీ పట్టినా రెండు మూడు ఉతుకుల్లో, ఎండలో తగ్గిపోతుంది. కాళహస్తి పనివాళ్లు మంజిష్ఠతో పాటు సురుడు చెక్క కూడా వాడతారు, అది అందరికీ దొరకదు.

పసుపుకి దానిమ్మ తొక్కలు ఉడికించి చిటికెడు పటిక వేసి పూయడమే. అంతకుముందు గుడ్డకి మళ్లీ పాలు పట్టించాలి, లేకపోతే పాకుతుంది. నీలిమందు జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. దాన్ని పులియబెట్టి రంగు దింపడం వేరే విద్య. ఈ పనిలో మొత్తం దశలు పదిహేడని కొందరు, ఇరవై మూడని కొందరు లెక్క చెబుతారు. ఏ ఉతుకుని ఒక దశ అనుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది ఆ లెక్క.

మిగిలిన కసింతో వేరే పనులు

నాకు అసలు సరదా ఇక్కడ మొదలైంది. ఒకే సీసా పట్టుకుని అద్దకంలోకి, రాతలోకి, కుట్టుపనిలోకి వెళ్లొచ్చు.

అద్దకం: చింతగింజల పొడిని నీళ్లలో ఉడికిస్తే జిగురు వస్తుంది. తెలంగాణలో చేర్యాల నకాషీ కళాకారులు బొమ్మల పటానికి గుడ్డ సిద్ధం చేసేటప్పుడు వాడే జిగురు ఇదే. దీన్ని కసింలో కలిపితే గరిటె జారుడుగా చిక్కబడుతుంది. ముదురు బెండకాయని అడ్డంగా కోసి, అందులో అద్ది, కరక్కాయ పట్టిన గుడ్డ మీద ముద్ర వేయండి. ఐదు రేకుల పువ్వు. కాకరకాయ ముక్క వేరే పువ్వు, ఉల్లిపాయ సగం అయితే వలయాలు. పిల్లలకి చేతితొడుగులు వేసి కూర్చోబెడితే మధ్యాహ్నం మొత్తం గడిచిపోతుంది. పెడన అచ్చు మీద చెయ్యి ఎలా పడుతుందో ఈ బెండకాయతోనే అర్థమైంది నాకు. గట్టిగా గుద్దితే అంచు చెదురుతుంది. ఆన్చి, వెనక ఒక్కసారి అరచేత్తో తట్టాలి.

రాత: అర గ్లాసు చిక్కటి కరక్కాయ కషాయంలో కసిం పోసి, కొద్దిగా తుమ్మజిగురు కలిపితే సిరా. పూర్వం కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం)తో చేసుకున్న సిరా కూడా ఈ జాతిదే. వెదురు పుల్ల మొన వాలుగా కోసి కాగితం మీద 'అ' రాసి చూడండి. దిగే గీత లావుగా, తిరిగే గీత సన్నగా వచ్చి, తెలుగు అక్షరానికి ఇన్ని ఒంపులు ఎందుకున్నాయో అనిపిస్తుంది. రాసినప్పుడు లేతగా ఉండి, మర్నాటికి ముదురుతుంది. ఖరీదైన ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, తుప్పు పడుతుంది.

కుట్టు: ఉతికి ఆరిన గుడ్డ మీద చేప పొలుసుల వెంట కాడకుట్టు, అలల మీద గొలుసుకుట్టు వేస్తే బొమ్మ లేచి కూర్చుంటుంది. గీత వంకర పోయినచోట దారం దాన్ని సర్దుతుంది. చుట్టూ అంచు మడిచి కుడితే దిండు గలీబు, గోడకి వేలాడే పటం, చేతిసంచి, ఏదైనా అవుతుంది. నాకు మిషన్ రాదు. పక్కవీధి టైలరు దగ్గరికి తీసుకెళ్తే, గుడ్డని వెలుతురులో పట్టి చూసి, "ప్రింటింగు ఎక్కడ వేయించారు సార్?" అన్నాడు. వేయించలేదు, వేశాను అన్నాను. నమ్మలేదనుకుంటా. కుట్టుకూలి మాత్రం తగ్గించలేదు.

ఇక కుండ సంగతి. కసిం వడకట్టాక మేకులు పారేయకండి. మళ్లీ నీళ్లు, బెల్లం పోస్తే పాత పులుపు తోడులా పనిచేసి, రెండోసారి ఇంకా తొందరగా తయారవుతుంది. ప్రతి గుడ్డ మూలనా కసింతోనే తేదీ, పాలెన్ని, కరక్కాయ ఎంత అన్నది చిన్న అక్షరాలతో రాసిపెట్టండి. పుస్తకంలో రాస్తే ఆ పుస్తకం పోతుంది. నా మొదటి చేప తోక కింద "50 గ్రా., ప్యాకెట్ పాలు, వద్దు" అని ఉంది. సంచీగా కుట్టించాక ఆ మాట సరిగ్గా పట్టీ పక్కకి వచ్చింది. కూరగాయలవాడు ప్రతివారం చదివి నవ్వుతాడు.